నాణేలు 214 కోట్ల దగ్గరే ఎందుకు ఆగాయి?

ప్రశ్న: ఫోన్‌లో పాత గేమ్ ఒకటి ఏళ్లుగా ఆడుతున్నాను. నాణేలు 2147483647కి చేరాక ఒక్కటి కూడా పెరగడం లేదు. మెమరీ నిండిపోయిందా? ఈ సంఖ్యలో ఏమైనా ప్రత్యేకత ఉందా?

జవాబు: ఫోన్ మెమరీకీ దీనికీ సంబంధం లేదు. గేమ్ రాసినవాళ్లు నాణేల లెక్కకి 32 బిట్లు (ఒక్కోదాంట్లో 0 గానీ 1 గానీ పట్టే గళ్లు) కేటాయించారు. మొదటి బిట్ ప్లస్సో మైనస్సో చెప్పడానికే సరిపోతుంది. మిగతా 31 బిట్లలోనూ 1 పెడితే వచ్చేదే ఈ 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ఇంకొక్క నాణెం కలిపితే ఒకట్లన్నీ సున్నాలవుతాయి, క్యారీ వెళ్లి మొదటి బిట్‌లో పడుతుంది, లెక్క మైనస్ 2147483648 అని చూపిస్తుంది. మీ గేమ్ అలా మైనస్‌లోకి పోకుండా ఆగిందంటే, రాసినవాళ్లు ముందే జాగ్రత్తపడ్డారన్నమాట. 64 బిట్లకి మారుస్తూ అప్‌డేట్ ఇస్తేనే నాణేలు పెరుగుతాయి. ఈలోగా గేమ్ తీసేసి మళ్లీ వేసుకోకండి, ఉన్నవి కూడా పోవచ్చు.

ప్రత్యేకత అడిగారు కాబట్టి చెబుతాను. ఇది ప్రధాన సంఖ్య. ఆ సంగతి 1772లో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ తేల్చాడు, అప్పటికే ఆయనకి చూపు దాదాపు పోయింది. మామూలు పద్ధతిలో అయితే 46340 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి నాలుగు వేలకు పైనే. ఆయిలర్ దగ్గర మంచి ఉపాయం ఉంది: దీన్ని భాగించే ప్రధాన సంఖ్య అంటూ ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 అయినా రావాలి, 63 అయినా రావాలి. దాంతో పని 372 భాగహారాలకు మించలేదు. ఈ సంఖ్య ఎక్కడ కనిపించినా నాకు ముందు గుర్తొచ్చేది ఈ లెక్కే. ఆ తర్వాత చాలా ఏళ్ల దాకా మనిషికి తెలిసిన ప్రధాన సంఖ్యల్లో ఇదే అతి పెద్దది.

అయితే ప్రధాన సంఖ్య కాబట్టే గేమ్ ఆగిందనుకోవద్దు. 16 బిట్ల హద్దు 32767ని 7, 31, 151 భాగిస్తాయి. 64 బిట్ల హద్దు కూడా 7తో భాగితమవుతుంది.

1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత పరికరాలకీ ఇదే చిక్కు. 32 బిట్ల లెక్క 2038 జనవరి 19న, మన టైమ్ ప్రకారం ఉదయం 8:44:07కి నిండుతుంది. ఆ తర్వాతి సెకనుకి తేదీ 1901కి వెళ్లిపోతుంది. ఇప్పటి 64 బిట్ ఫోన్లు, కంప్యూటర్ల గురించి బెంగ అక్కర్లేదు. అప్‌డేట్లు రాని పాత సీసీ కెమెరా రికార్డర్ లాంటివి ఉంటే మాత్రం తయారీదారుని అడిగి చూడండి.

ప్రశ్న: ఎక్సెల్‌లో 16 అంకెల లోన్ ఖాతా నంబరు కొడితే చివరి అంకె సున్నా అయిపోతోంది. ఎందుకు?

జవాబు: ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెలే ఉంచుకుంటుంది, పదహారోది సున్నా చేసేస్తుంది. నంబరు కొట్టేముందే ఆ సెల్‌ని టెక్స్ట్ ఫార్మాట్‌కి మార్చండి. ఇప్పటికే సున్నా అయినవి ఫార్మాట్ మార్చినా తిరిగిరావు, పాస్‌బుక్ చూసి మళ్లీ కొట్టాల్సిందే.