బడికి వెళ్లిరావడానికి చిన్న కారు: పొదుపూ సరదా రెండూ కుదురుతాయా?

ప్రశ్న: మేము విజయనగరం కంటోన్మెంట్‌లో అద్దె ఇంట్లో, మేడ మీద వాటాలో ఉంటున్నాము. నేను గజపతినగరం దగ్గర ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, వయసు 34. రానూపోనూ రోజుకు సుమారు 50 కిలోమీటర్లు స్కూటర్ మీద తిరుగుతున్నాను. నెలకు 64,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇల్లు మా వారి జీతంతో గడుస్తుంది. నాకు 3.5 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, నెలకు 8,000 రూపాయల సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే పెట్టుబడి) ఉన్నాయి. 2 లక్షల చీటీకి నెలకు 10,000 కడుతున్నాను, ఇంకా ఏడు నెలలు ఉంది. తక్కువ ఖర్చుతో నడిచే, నడపడానికి సరదాగా కూడా ఉండే చిన్న కారు కొనాలని ఉంది. తోటి ఉపాధ్యాయులు ఏడేళ్ల రుణం తీసుకుని 12 లక్షల ఎస్‌యూవీ కొనమంటున్నారు. మా నాన్నగారేమో మైలేజీ బాగా ఇచ్చేది ఏదైనా చాలంటున్నారు. సరదా కోసం డబ్బు పెట్టడం తప్పా? కారు వచ్చాక స్కూటర్ అమ్మేయాలా?

సమాధానం: తప్పు కాదండీ. ఏడాదిలో దాదాపు 230 పని దినాలు, రోజుకు గంటకు పైగా స్టీరింగ్ ముందు కూర్చునే మనిషి, ఆ సమయం ఇష్టంగా గడవాలని కోరుకోవడం న్యాయమే. పైగా మీ ప్రశ్నలో పొదుపును, సరదాను ఎదురెదురుగా నిలబెట్టారు కానీ, లెక్క వేసి చూస్తే అవి చాలావరకు ఒకే వైపున ఉంటాయి. అది ఎలాగో చెప్పడానికి ముందు మీ నాన్నగారి మాటను పరిశీలిద్దాం, ఎందుకంటే మన ఇళ్లలో కారు బేరం ఎప్పుడూ మైలేజీ దగ్గరే మొదలవుతుంది.

బడి ప్రయాణానికి 11,500, సెలవుల్లో బంధువుల ఇళ్లకు, విశాఖపట్నానికి, అరసవల్లికి మరో 2,500 కలిపి మీ కారు ఏడాదికి 14,000 కిలోమీటర్లు తిరుగుతుందని అనుకుందాం. పెట్రోలు లీటరు 110 రూపాయలుగా తీసుకుంటే, రోడ్డు మీద నిజంగా 20 కిలోమీటర్లు ఇచ్చే కారుకు ఏడాదికి 77,000 రూపాయలు, 22 ఇచ్చే కారుకు 70,000 రూపాయలు అవుతాయి. అంటే రెండు కార్ల మధ్య తేడా నెలకు ఆరు వందల రూపాయల లోపే. కంపెనీలు ప్రకటించే అంకెలు ప్రయోగశాలలో కొలిచినవి గనుక వాటిలో నాలుగైదు కిలోమీటర్లు తగ్గించుకుని చూడటం మంచిది. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుతో ఇంకొంచెం తగ్గుతుంది, ఎందుకంటే ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలుతో పోల్చితే దాదాపు మూడో వంతు తక్కువ. ఈ తగ్గుదల అన్ని కార్లకూ ఇంచుమించు ఒకేలా వర్తిస్తుంది కాబట్టి పోలిక మారదు.

కారు మీద డబ్బు అసలు పోయేది విలువ తరుగుదలలోనూ, వడ్డీలోనూ. ఉదాహరణకు ఆన్‌రోడ్ ధర (పన్నులు, బీమా, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి) 7.5 లక్షలు పడిన కారును ఐదేళ్లకు 4 లక్షలకు అమ్మారనుకోండి, ఏడాదికి 70,000 రూపాయలు కరిగిపోయినట్లు. అదే కారును పదేళ్లు ఉంచుకుని 2 లక్షలకు అమ్మితే ఏడాదికి 55,000 మాత్రమే పోతుంది. ఈ 15,000 రూపాయల తేడా, పైన చెప్పిన మైలేజీ తేడాకు రెట్టింపు కంటే ఎక్కువ. అమ్మకం ధరలు నేను లెక్క కోసం వేసుకున్నవే అయినా, కారును ఎక్కువ కాలం ఉంచుకుంటే ఏటా పోయే తరుగుదల తగ్గుతుందన్న సంగతి దాదాపు ఏ కారుకైనా నిజం. మనసుకు పట్టని కారును ఎవరూ పదేళ్లు ఉంచుకోరు. మైలేజీ ఒక్కటే చూసి కొన్నవారు నాలుగో ఏడు వచ్చేసరికి ఎక్స్ఛేంజ్ ఆఫర్ల వైపు చూడటం, మళ్లీ కొత్తగా లైఫ్ ట్యాక్స్, కొత్త రుణం నెత్తిన వేసుకోవడం నేను తరచుగా చూసే విషయం. కాబట్టి నడిపేటప్పుడు ఇష్టం కలిగించే కారును ఎంచుకోవడం మీ విషయంలో పొదుపు చర్యే. ఆ ఇష్టానికి ధరలోనూ రుణ కాలంలోనూ గట్టు కట్టుకోవాలి, అంతే.

ఆ గట్టు ఎక్కడ కట్టాలో మీ చీటీయే చెబుతోంది. మీరు ఇప్పుడే చీటీ పాడుకుని కారు తీసుకోవాలనే ఆలోచనలో ఉంటే దయచేసి ఆగండి. పాటలో ఇరవై, పాతిక వేలు వదులుకుని డబ్బు తీసుకున్నా మిగతా ఏడు వాయిదాలూ కట్టక తప్పదు, వాటికి తోడు కారు ఈఎంఐ కూడా అప్పుడే మొదలవుతుంది. చీటీ ముగిసేదాకా ఓపిక పడితే దాదాపు పూర్తి మొత్తం చేతికొస్తుంది. దానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ నుంచి 1.5 లక్షలు కలిపితే 3.5 లక్షల డౌన్ పేమెంట్ సిద్ధమవుతుంది, అత్యవసరాల కోసం బ్యాంకులో 2 లక్షలు కదలకుండా ఉంటాయి. ఆ 2 లక్షలను షోరూమ్‌లో ఎవరు ఎంత ఆశ పెట్టినా ముట్టుకోవద్దు.

మిగిలిన 4 లక్షలను 9 శాతం వడ్డీకి నాలుగేళ్ల రుణంగా తీసుకుంటే నెలకు 9,954 రూపాయల ఈఎంఐ పడుతుంది, అంటే ఇన్నాళ్లూ చీటీకి కట్టిన సొమ్ముతో దాదాపు సమానం. నాలుగేళ్లలో మొత్తం వడ్డీ సుమారు 78,000 రూపాయలు. దీనికి నెలకు సగటున 6,400 పెట్రోలు, బీమా, సర్వీసింగు, టైర్ల నిమిత్తం మరో 2,500 కలిపితే కారు మొత్తం ఖర్చు 18,900 దగ్గర తేలుతుంది. ఇందులో నుంచి ముగిసిపోయిన చీటీ వాయిదాను, స్కూటర్‌కు ఇప్పుడు అవుతున్న రెండు వేల పైచిలుకు పెట్రోలును తీసేస్తే, మీ మీద కొత్తగా పడే భారం నెలకు ఆరున్నర వేల రూపాయలు. మీ 8,000 సిప్‌ను ఆపకుండానే ఇది సాగుతుంది. ఆ సిప్‌ను ఆపవలసి వచ్చే ఏ కారూ మీకు తగిన కారు కాదని నా దృఢమైన అభిప్రాయం.

ఎస్‌యూవీ సంగతి పొడుగ్గా చెప్పనక్కరలేదు. పైన చెప్పిన డౌన్ పేమెంట్ మొత్తం పెట్టినా 8.5 లక్షల రుణం కావాలి. 9 శాతం వడ్డీకి ఏడేళ్లంటే ఈఎంఐ 13,700 రూపాయల దరిదాపుల్లో ఉంటుంది, చివరికి దాదాపు 3 లక్షలు వడ్డీగానే పోతుంది. అది 15 కిలోమీటర్ల మైలేజీ ఇస్తే పెట్రోలు ఏడాదికి లక్ష దాటుతుంది. ఏడేళ్ల పాటు మీరు ఆ వాయిదాలు కడుతూనే ఉంటారు. కారు రుణం వడ్డీ మీద జీతగాళ్లకు ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుందని కొందరు చెబుతుంటారు కానీ, సొంత వాడకానికి కొనే పెట్రోలు కారుకు అలాంటిదేమీ లేదు.

మరి 7.5 లక్షల ఆన్‌రోడ్ ధరలో ఏ కారు? 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉన్న కార్ల మీద జీఎస్‌టీ 18 శాతానికి తగ్గడం వల్ల ఈ గట్టు లోపల ఇప్పుడు మంచి కార్లే ఉన్నాయి. నడపడంలో సరదా ప్రధానంగా మూడింటి మీద ఆధారపడుతుంది: బరువు తక్కువగా ఉండటం, మలుపుల్లో బండి ఒరగకుండా నిలబడటం, గేరు మార్చగానే ఇంజను బదులు పలకడం. ఈ లెక్కన నేను మొదట చూడమనేది మాన్యువల్ గేర్లున్న స్విఫ్ట్. అది తేలికైనది, స్టీరింగ్ చురుకైనది, అన్ని వేరియంట్లలోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారు. అయితే మీ ధరకు కింది వేరియంటే వస్తుంది, దానికి వెనకాడవలసిన పని లేదు. పై వేరియంట్‌లో ఉన్న ఇంజనే కింది దానిలోనూ ఉంటుంది, పెద్ద తెర, అల్లాయ్ చక్రాలు లేకపోయినంత మాత్రాన మలుపు తిరిగే తీరు మారిపోదు. ఇంజను నునుపుగా, చప్పుడు లేకుండా ఉండాలనుకుంటే నాలుగు సిలిండర్ల గ్రాండ్ ఐ10 నియోస్ నడిపి చూడండి. బండి రోడ్డును గట్టిగా పట్టుకుని ఉన్నట్లు అనిపించాలంటే టియాగో నచ్చవచ్చు. సెలెరియో ఖర్చులో అన్నిటికంటే తక్కువే, పట్టణంలో తిప్పడానికి హాయిగా కూడా ఉంటుంది కానీ, సాలూరు వైపు నుంచి లారీలు బారులుగా వచ్చే 26వ నంబరు జాతీయ రహదారి మీద వాటిని దాటవలసి వచ్చినప్పుడు ఒక లీటరు ఇంజను కొంత ఆయాసపడుతుంది. రోజూ ఆ దారిలో వెళ్లేవారికి ఓవర్‌టేక్ చేసే సత్తువ సరదా కోసం ఎంతో, భద్రత కోసం అంతే అవసరం.

చీటీకి ఇంకా ఏడు నెలలు ఉన్నాయి కదా, ఆ సమయాన్ని టెస్ట్ డ్రైవ్‌లకు వాడుకోండి. షోరూమ్ చుట్టూ ఒక రౌండు వేసి సరిపెట్టుకోకుండా, గజపతినగరం రోడ్డు మీద కనీసం పది కిలోమీటర్లు మీరే నడుపుతామని ముందుగా అడిగి వెళ్లండి.

సీఎన్‌జీ గురించి మీరు అడగలేదు కానీ షోరూమ్‌లో తప్పక ప్రస్తావిస్తారు. కిలో 95 రూపాయలు, కిలోకు 25 కిలోమీటర్లు అనుకుంటే మీ ఏడాది ఇంధన ఖర్చు 53,000 దగ్గరకు దిగుతుంది, అంటే స్విఫ్ట్ పెట్రోలుతో పోల్చితే 24,000 ఆదా. సీఎన్‌జీ రకానికి సుమారు 90,000 అదనంగా పెట్టాలి కాబట్టి నాలుగేళ్ల లోపే అసలు వెనక్కి వస్తుంది. కాగితం మీద ఇది మంచి బేరమే. అయినా నేను మీకు సిఫారసు చేయడం లేదు, ఎందుకంటే మీది బదిలీలున్న ఉద్యోగం. రేపు కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు పోస్టింగ్ పడితే గ్యాస్ కోసమే ప్రయాణం చేయవలసి రావచ్చు, సిలిండరు బరువుతో కొండదారిలో బండి చురుకుదనం కూడా తగ్గుతుంది.

ఎలక్ట్రిక్ కారు విషయంలో మాత్రం నా మాట వేరు. రోజుకు 50 కిలోమీటర్ల స్థిరమైన ప్రయాణం దానికి సరిగ్గా సరిపోతుంది. యూనిట్‌కు 7 కిలోమీటర్లు, యూనిట్ ధర 9 రూపాయలు వేసుకున్నా ఏడాది కరెంటు ఖర్చు 18,000 రూపాయలే. సొంత ఇల్లు, కింద పార్కింగ్, సొంత మీటరు ఉండి ఉంటే ధర కాస్త ఎక్కువైనా టియాగో ఈవీని ముందు చూడమనేదాన్ని. మేడ మీద అద్దె వాటాలో ఉంటూ రోజూ చార్జింగ్ కోసం ఇంటివారి దయ మీద ఆధారపడటం సబబు కాదు.

సెకండ్ హ్యాండ్ కూడా ఆలోచించదగినదే. రెండు, మూడేళ్ల కారు తీసుకుంటే మొదటి తరుగుదల మొదటి యజమానే భరించి ఉంటాడు. అయితే పాత కార్ల రుణాలకు వడ్డీ ఎక్కువ కాబట్టి వీలైనంత వరకు నగదుతో కొనడం మేలు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లు 20 శాతం ఇథనాల్ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని చేసినవి కాకపోవచ్చు గనుక ఆ తర్వాతి వాటినే చూడండి. పాత రుణం తీరినట్లు బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ చూడకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు.

బీమాను షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. వారు చెప్పిన ప్రీమియంను బయటి ధరతో పోల్చి బేరమాడండి. మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా కొత్త కారుకు తప్పనిసరి. దానికి తోడు జీరో డిప్రిసియేషన్ (మార్చిన విడిభాగాలకు తరుగుదల కోత లేకుండా చెల్లించేది), ఇంజను రక్షణ కవర్లు మొదటి ఐదేళ్లు తీసుకోండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపాన్లు చూసిన ప్రాంతం మనది. నిలిచిన నీటిలో బండి ఆగిపోయి ఇంజనులోకి నీరు చేరితే మామూలు పాలసీ ఆ నష్టాన్ని సాధారణంగా చెల్లించదు.

స్కూటర్‌ను అమ్మవద్దు. అమ్మితే వచ్చే పాతిక, ముప్పై వేలకంటే అది ఇంట్లో ఉండటమే మీకు లాభం. గంటస్తంభం దాకా, రైతుబజారు దాకా వెళ్లే రెండు మూడు కిలోమీటర్ల పనులకు కారు తీస్తే, ఇంజను వేడెక్కే లోపే ప్రయాణం ముగిసి మైలేజీ బాగా పడిపోతుంది, పార్కింగ్ కోసం వెతుకులాట అదనం. దాని థర్డ్ పార్టీ బీమాను మాత్రం ఏటా పునరుద్ధరించండి.