50 కొనాలా, 35 కొనాలా?

అమ్మడూ,

నీ కెమెరాకి 50 ఎంఎం లెన్స్ కొనాలా 35 కొనాలా అని అడిగావు కదా. ఏదో ఒకటి కొనెయ్ అని చెప్పడం తేలికే గానీ, ఆ అంకె సంగతి తెలియకుండా కొంటే గదిలో నలుగురిని ఒక ఫ్రేములో పట్టించలేక గోడకి వీపు ఆనించి, ఇంకా వెనక్కి ఎలా వెళ్లాలా అని చూస్తూ నిలబడతావు.

ఆ ఎంఎం అనేది లెన్స్ ఫోకల్ లెంగ్త్, ఆ అంకె పెరిగేకొద్దీ ఫొటోలో పడే మేర తగ్గుతుంది. కానీ ఎంత మేర పడుతుందో అదొక్కటే చూసి చెప్పలేం, వెనకున్న సెన్సర్, అంటే కెమెరాలో బొమ్మ పడే చిప్, దాని వెడల్పు కూడా తెలియాలి. ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద రకం సెన్సర్ వెడల్పు 36 ఎంఎం. దాని మీద 50 పెడితే అడ్డంగా దాదాపు 40 డిగ్రీల కోణం మేర ఫొటోలో పడుతుంది, 200 పెడితే 10 మాత్రమే. నీ కెమెరాది ఏపీఎస్-సి అనే చిన్న రకం సెన్సర్, వెడల్పు సుమారు 23.5 ఎంఎం. అందుకే అదే 50 నీకు 26 డిగ్రీలే ఇస్తుంది, 35 పెడితే 37 వస్తుంది. అన్నట్టు, కంపెనీ వాళ్లు ఇచ్చే కోణం చాలాసార్లు మూల నుంచి మూలకి కొలిచింది, అది ఎప్పుడూ పెద్దదిగానే ఉంటుంది, దాన్నీ దీన్నీ కలిపి చూడకు.

డిగ్రీలంటే మాత్రం ఎవరికి ఊహకి అందుతాయి చెప్పు! నేనైతే మీటర్లలోనే లెక్కేసుకుంటాను: సెన్సర్ వెడల్పుని ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, మనిషి ఎంత దూరంలో ఉన్నాడో దాంతో గుణించు. మూడు మీటర్ల దూరంలో నీ కెమెరాకి 50తో 1.4 మీటర్లు పడుతుంది, అంటే ఇద్దరు, ఇరుక్కుంటే ముగ్గురు. 35తో రెండు మీటర్లు. 18తో దాదాపు నాలుగు. వైడ్ వైపు, అంటే అంకె తగ్గే వైపు, ఒక్కో ఎంఎం చాలా విలువైంది, 18 నుంచి 16కి దిగితేనే ఆరు డిగ్రీలు పెరుగుతాయి, అదే 200 దగ్గర రెండు ఎంఎం తేడా కంటికే ఆనదు.

ఇంకో మాట. వైడ్ లెన్స్ ముక్కుని పెద్దది చేస్తుందని అందరూ అంటారు, నేనొప్పుకోను. ముక్కు పెద్దదయ్యేది నువ్వు మొహానికి మరీ దగ్గరగా వెళ్లినందుకు. నమ్మకం లేకపోతే ఒకే చోట నిలబడి, నీ 18-55 జూమ్ లెన్స్‌తో 18 దగ్గర ఒకటి, 55 దగ్గర ఒకటి తీసి, మొదటిదాన్ని రెండోదానంత మేరకి క్రాప్ చెయ్. మొహం, వెనక గోడ, మధ్య దూరం, అన్నీ ఒకేలా ఉంటాయి. కాబట్టి ముందు ఎక్కడ నిలబడాలో తేల్చుకో, లెన్స్ మాట తర్వాత. వైడ్‌లో ఫ్రేము అంచుల దగ్గరున్న మొహాలు సాగడం మాత్రం నిజం, గ్రూప్ ఫొటోలో ఎవరినీ మూలకి నెట్టకు.

కొనే ముందు నీ 18-55తో ఇప్పటిదాకా తీసిన ఫొటోలు తెరిచి, వాటి వివరాల్లో ఫోకల్ లెంగ్త్ చూడు. ఎక్కువ 35 చుట్టూ ఉంటే 35 తీసుకో. దాదాపు అన్నీ 20 లోపే ఉంటే ఆ రెండూ వద్దు, డబ్బులు దాచుకో.

పెదనాన్న