గేరుబాక్సు దింపే ముందు

చిరంజీవి అల్లుడికి, మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. నీ ఆటోమేటిక్ బండిలో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తోందనీ, బండి మాత్రం ముందుకు లాగడం లేదనీ రాశావు. మెకానిక్ చూసీ చూడగానే గేరుబాక్సు దింపాలన్నాడని టెన్షన్ పడుతున్నావు. అప్పుడే ఒప్పుకోకు. గేరు పట్టు ఎప్పుడు జారుతోంది, ఏ గేరులో జారుతోంది, ఆయిల్ ఎలా ఉంది అనే మూడు సంగతులు తేలకుండా దాని మీద పానా పెట్టనివ్వకు.

ముందుగా అది జారుడేనా అని చూసుకో. ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు పైకి లేచి, స్పీడు ముల్లు దాని వెంట లేవకపోతే జారుడే. రెండూ లేవకుండా బండి నీరసంగా పోతుంటే తప్పు గేరుబాక్సుది కాకపోవచ్చు. ఇంజనులో మిస్‌ఫైర్ (ఏదో సిలిండర్ సరిగ్గా మండకపోవడం) ఉండొచ్చు, పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, బ్రేకు పట్టేసి ఉండొచ్చు. ఇంకో మాట. నేను రాసేదంతా టార్క్ కన్వర్టర్ (ఇంజను బలాన్ని ఆయిల్ ద్వారా గేరుబాక్సుకు అందించేది) ఉన్న పాతకాలపు పద్ధతి ఆటోమేటిక్ గురించి. ఏఎమ్‌టీ (గేర్లను యంత్రమే మార్చే మాన్యువల్) అయితే లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేరుబాక్సే, అక్కడ జారేది క్లచ్ ప్లేటు. విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే సీవీటీ దారి మళ్లీ వేరు.

ఇక ఆయిల్. దీని దగ్గర తొందరపడకు. బండి ఓ ఇరవై నిమిషాలు తిప్పి, చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేకు మీద కాలుంచి లీవరును అన్ని గేర్లలోనూ ఒక్కో క్షణం ఆపుతూ మళ్లీ పార్కింగ్‌లోకి తీసుకురా. ఇంజను నడుస్తుండగానే డిప్‌స్టిక్ తీసి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడు. చాలా బండ్లకు ఇదే పద్ధతి. కొన్నిటికి న్యూట్రల్‌లో చూడాలి, కొన్నిటికి ఇంజను ఆపి చూడాలి. అసలు డిప్‌స్టిక్కే లేనివీ ఉన్నాయి. అందుకని బండితో వచ్చిన పుస్తకం ఒకసారి తిరగెయ్యి.

ఆయిల్ తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. గాలి కలిసిన ఆయిల్ నురుగవుతుంది, నురుగుకు లోపల గేర్లను పట్టి ఉంచే క్లచ్ ప్లేట్లను బిగించే ఒత్తిడి ఉండదు. అందుకే జారుతుంది. ఎక్కువ పోసినా అంతే, తిరిగే భాగాలు దాన్ని చిలికి నురుగు చేస్తాయి. తగ్గింది కదా అని డబ్బా మొత్తం ఒంపకు. కొద్దికొద్దిగా, పుస్తకంలో చెప్పిన రకమే పొయ్యి.

ఒక చుక్క తెల్ల కాగితం మీద వేసి రంగు చూడు, వాసన చూడు. ఎర్రగా తేటగా ఉంటే మంచిదే. వయసుతో కాస్త గోధుమరంగుకు తిరిగినా భయం లేదు. నల్లబడి మాడు వాసన కొడితే ప్లేట్లు కాలాయి. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్‌లోని కూలర్ చిల్లిపడి నీళ్లు కలిశాయని అర్థం, ఆ బండిని ఇక కదపకూడదు. గేరుబాక్సు ఆయిల్ ఇంజను ఆయిల్‌లా కాలి ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. పాన్ (గేరుబాక్సు అడుగున ఉండే ఆయిల్ తొట్టి) గాస్కెట్, యాక్సిల్ సీళ్లు, కూలర్ పైపులు చూడు. వాక్యూమ్ మాడ్యులేటర్ (ఇంజను పీల్పును బట్టి గేరుబాక్సు ఒత్తిడిని సర్దే భాగం) ఉన్న పాత బండయితే కింద చుక్క కూడా కనిపించకపోవచ్చు. దాని పొర చిరిగితే ఆయిల్‌ను ఇంజనే పీల్చేసి పొగగా వదిలేస్తుంది.

ఆయిల్ సరిగ్గానే ఉంటే, ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో. రివర్సుతో సహా అన్ని గేర్లలోనూ జారుతోందా? అయితే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదాంట్లో లోపం: పంపు, ఫిల్టర్, ఒత్తిడి. ఒక్క గేరులోనే జారితే ఆ గేరు క్లచ్చో, బ్యాండో (డ్రమ్ము చుట్టూ బిగిసే పట్టీ). డి (డ్రైవ్) లో పెడితే మొదటి గేరు జారి, ఎల్ (లో గేరు) లో పెడితే పట్టుకుంటోందా? అది ఒకవైపే తిరగనిచ్చే వన్‌వే క్లచ్ మీద అనుమానం. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు డి లో పెట్టాక ఆగి ఆగి పట్టుకుని, వేడెక్కాక బాగుంటే సీళ్లు గట్టిపడ్డాయి. కాసేపు బాగా నడిచి, తర్వాత జారి, ఆపి ఉంచితే మళ్లీ బాగైతే ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. పాన్ విప్పినప్పుడు అయస్కాంతం మీద సన్నని బూడిదరంగు ముద్ద ఉంటే కంగారు పడకు, అది మామూలు అరుగుదలే. లోహపు ముక్కలు కనిపిస్తే మాత్రం దింపక తప్పదు.

ఈ పనిలో కొత్తలో నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. జారుతున్న గేరుబాక్సును దింపి, ప్లేట్లన్నీ మార్చి ఎక్కించాను. కొన్నాళ్లకే మళ్లీ అదే జారుడు. అసలు కారణం థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే ఇంజను గాలి కవాటం) దగ్గర నుంచి గేరుబాక్సుకు వచ్చే కేబుల్ వదులుగా ఉండటం. అది వదులైతే లోపల ఒత్తిడి పెరగాల్సినంత పెరగదు, కొత్త ప్లేట్లు కూడా కాలిపోతాయి. నేను దాన్ని చూడనే లేదు. ఆ యజమాని డబ్బూ నమ్మకమూ రెండూ పోయాయి. నీ బండికి అలాంటి కేబుల్ ఉంటే ముందు దాని సర్దుబాటు చూపించు.

కంప్యూటర్ ఉన్న బండయితే, అందులోని తప్పు కోడ్లు చదివే స్కానర్ పెట్టించు. పీ0730 నుంచి పీ0736 దాకా కోడ్లు గేరు నిష్పత్తి తప్పిందని చెబుతాయి, పీ0741 టార్క్ కన్వర్టర్ లాకప్ (దాన్ని ఇంజనుతో నేరుగా కలిపే క్లచ్) పట్టడం లేదని. కోడ్ చూసి వెంటనే పార్టు కొనకు. జారిందని మాత్రమే అది చెబుతుంది, ఎందుకు జారిందో చెప్పదు.

బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుని యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కే స్టాల్ టెస్ట్ నువ్వు చెయ్యకు. కొన్ని క్షణాల్లోనే ఆయిల్ విపరీతంగా వేడెక్కుతుంది, బ్రేకు వదిలితే బండి దూకుతుంది. జారుతున్న బండిని ఊరి మీదికి తిప్పడం కూడా ఆపెయ్యి. జారిన ప్రతిసారీ ప్లేట్లు కొంచెం కొంచెం కాలుతూనే ఉంటాయి. ఈరోజు కేబుల్‌తో పోయేది నెల తర్వాత గేరుబాక్సు దాకా వస్తుంది.

అన్నీ చూశాక దింపక తప్పదంటే దింపించు. అప్పుడు కూలర్‌నూ పైపులనూ కడిగించడం మరిచిపోకు. పాత చెత్త అక్కడే ఉంటే కొత్త గేరుబాక్సులోకే వస్తుంది. ముందు మాత్రం కాగితం మీద పడిన ఆ చుక్క రంగు, వాసన నాకు రాసి పంపు. నా జవాబు వచ్చేదాకా బండి బయటికి తియ్యకు.

ప్రేమతో,
మావయ్య