ప్రైవేటు స్కూలు టీచరుకి గ్రాట్యుటీ వస్తుందా? వస్తుంది, రాతపూర్వకంగా అడగాలి

విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదేళ్లుగా సైన్సు చెబుతున్న టీచరు అడిగారు: మానేస్తానంటే టీచర్లకి గ్రాట్యుటీ ఉండదంటున్నారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఇవ్వట్లేదు, ఏం చేయాలి అని.

గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు సర్వీసు ఏళ్లను బట్టి యాజమాన్యం ఇవ్వాల్సిన డబ్బు, ఉంటుందమ్మా. ఐదేళ్ల సర్వీసు నిండితే చాలు, మీకు తొమ్మిదేళ్లు. ఇక దీని మీద వాళ్లతో నోటి వాదన పెట్టుకోకండి.

నేను గుంటూరులో లెక్కలు చెప్పిన స్కూల్లో ఒక హిందీ మేడం ఉండేవారు. బ్రాడీపేటలో అద్దె ఇంటి వరండాలో బెంచీలేసి స్కూలు నడిపిన రోజుల నుంచీ ఉన్న మనిషి. మోకాళ్లు అరిగిపోయి, మూడో అంతస్తు మెట్లెక్కలేక 2023లో మానేశారు. శాలువా కప్పి, స్వీటు బాక్సు చేతిలో పెట్టి పంపించారు. గ్రాట్యుటీ సంగతి అడిగితే కరస్పాండెంటు గారు సొరుగులోంచి ఒక పాత జడ్జిమెంటు జిరాక్సు తీశారు. "టీచర్లకి వర్తించదని సుప్రీంకోర్టే చెప్పింది, చూడండి మేడం" అన్నారు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని రెండు పేజీలు చదివి, నమ్మేసి, ఇంటికొచ్చేశారు.

ఆ తీర్పు నిజమైనదే. కానీ అది 2004 నాటిది. తర్వాత పార్లమెంటు 2009లో గ్రాట్యుటీ చట్టాన్ని సవరించి టీచర్లను చేర్చింది, అదీ 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా. ప్రైవేటు స్కూళ్ల వాళ్లు దాని మీద కోర్టుకెక్కితే, ఆ సవరణ చెల్లుతుందని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. కనీసం పదిమంది పనిచేసే ఏ స్కూలైనా ఇవ్వాల్సిందే. కరస్పాండెంటు గారికి ఇది తెలియదంటే నేను నమ్మను. పాత తీర్పు జిరాక్సు సొరుగులో పెట్టుకున్నాయనకి కొత్తది అందలేదా?

లెక్క కూడా సులువే. చివరి నెల బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. 18,000 జీతం, 17 ఏళ్ల సర్వీసు అయితే 1,76,538 రూపాయలు. హిందీ మేడం లాంటి మనిషికి అది చిన్న డబ్బు కాదు.

నేనే ఆవిడ చేత స్కూలుకి అర్జీ పెట్టించాను. జవాబు లేదు. అప్పుడు కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లాం. అక్కడ స్కూలు తరఫున చెప్పిన మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది: ఆవిడ ప్రతి ఏప్రిల్‌లో మానేసి, ప్రతి జూన్‌లో కొత్తగా చేరారట! అందుకని ఐదేళ్ల సర్వీసే లేదట! సెలవులిచ్చింది స్కూలు, ఆ రెండు నెలల జీతం ఎగ్గొట్టింది స్కూలు, సర్వీసు తెగింది మాత్రం మేడంకి. ఉద్యోగి తప్పు లేకుండా పని ఆగితే సర్వీసు తెగినట్టు కాదు, ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే ఏడాది కిందే లెక్క. చట్టంలో ఇది స్పష్టంగా ఉంది.

చిక్కల్లా రుజువుతోనే వచ్చింది. అపాయింట్‌మెంట్ ఆర్డరు ఎప్పుడూ ఇవ్వలేదు. చాలా ఏళ్లు జీతం చేతికిచ్చారు, రిజిస్టరులో ఎక్కువ అంకె మీద సంతకం పెట్టించుకుని. ఆఖరికి మమ్మల్ని గట్టెక్కించింది పిల్లల ప్రోగ్రెస్ కార్డులు. కొత్తపేటలో ఒక తల్లి తన ముగ్గురు పిల్లల కార్డులూ బీరువాలో దాచి ఉంచారు. ప్రతి దాని మీదా క్లాస్ టీచరు గడిలో మేడం సంతకం, పక్కన సంవత్సరం. టెన్త్ పేపర్లు దిద్దడానికి వేసే స్పాట్ వాల్యుయేషన్ ఆర్డర్లు కూడా కొన్ని దొరికాయి, స్కూలు పేరుతో సహా. అధికారి అవన్నీ వరుసగా పెట్టి చూసి, స్కూలు రిజిస్టర్లు తెమ్మన్నారు. వాళ్లు తేలేదు. ఆర్డరు మేడం వైపే వచ్చింది, ఆలస్యానికి వడ్డీతో కలిపి.

అందుకే నేను టీచర్లందరికీ చెప్పేది ఒకటే. మీ పేరు, స్కూలు పేరు, తేదీ కలిసి ఉన్న ఏ కాగితాన్నీ పారేయకండి. సర్క్యులరు, టైమ్ టేబులు, పీఎఫ్ పాస్‌బుక్, ఏదైనా సరే.

మన బాధ్యతల గురించి మాత్రం మీటింగు పెట్టి మరీ చదివి వినిపిస్తారు. పిల్లల్ని కొట్టకూడదు, తిట్టి మనసు నొప్పించకూడదు, ట్యూషన్లు చెప్పకూడదు, సిలబస్ గడువులో ముగించాలి. విద్యాహక్కు చట్టంలో ఉన్నవే, ఒక్కటీ తప్పని నేను అనను. బెత్తం పట్టే టీచరు బడిలో ఉండకూడదు. కానీ అదే చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తులు, ఎన్నికల పనికి తప్ప టీచరుని చదువు చెప్పడం కాని పనికి పంపకూడదంటుంది. మరి ఏప్రిల్ ఎండలో పాంప్లెట్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తెమ్మనడం ఏ లెక్కలోకి వస్తుంది? టార్గెట్ అందకపోతే మే జీతం ఆపడం? గర్భిణిగా ఉన్న టీచర్ని కూడా తిప్పారు మా స్కూల్లో. ఆ సెక్షన్ చూపించి ఒక్క స్టాఫ్ రూమంతా కలిసి రామంటే ఏ యాజమాన్యమూ ఏమీ చేయలేదు.

ఒక తేడా గుర్తుంచుకోండి. టీచరు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద వర్క్‌మన్ (కార్మికుడు) కాదని 1988లోనే తీర్పుంది, కాబట్టి ఉద్యోగం తీసేస్తే లేబర్ కోర్టు దారి పనికిరాదు. దానికి 1982 ఆంధ్రప్రదేశ్ విద్యాచట్టం ఉంది, విచారణ జరపకుండా తీసేయకూడదంటుంది. గ్రాట్యుటీకి మాత్రం కార్మిక శాఖకే వెళ్లాలి.

ఇక సర్టిఫికెట్లు. మీ ఒరిజినల్స్ తాకట్టు పెట్టుకునే హక్కు ఏ చట్టమూ స్కూలుకి ఇవ్వలేదు. ఫలానా సర్టిఫికెట్లు మీ దగ్గరున్నాయి, ఫలానా తేదీలోపు ఇవ్వండి అని ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. కాపీ డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోండి. నోటీసు గడువు పాటించండి, చెబుతున్న పాఠాలు పూర్తి చేసే మానేయండి, పిల్లలు మధ్యలో నష్టపోకూడదు. గ్రాట్యుటీ అర్జీలో బ్యాంకు ఖాతా నంబరు కూడా రాసి అందులోనే వేయమనండి, చెక్కు కోసం ఆ ఆఫీసు బయట కూర్చోవాల్సిన పని ఉండదు.