నీకంటే ముందు నీ బొటనవేలు లేస్తుంది

నాన్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "నా మెదడు కుంచించుకుపోయిందా పెద్దమ్మా?" అని అడిగావు. రాత్రి రెండింటికి ఫోనులో ఆట ఆపి, ఆ కంగారులో మెదడు స్కాన్ల గురించి తెల్లవారేదాకా చదివినట్టున్నావు. ఫోను నీ నిద్రను రెండు విడతలుగా తినేసిందన్నమాట.

ముందు ఆ భయం తీసేస్తాను. ఆటల వ్యసనం ఉన్నవారి మెదళ్లను లేనివారి మెదళ్లతో పోల్చిన అధ్యయనాలు చాలానే వచ్చాయి. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో కొన్ని చోట్ల నాడీకణాలు కిక్కిరిసి ఉండే బూడిదరంగు పదార్థం సగటున కాస్త తక్కువగా కనిపించిన మాట నిజమే. కానీ వాటిలో చాలావరకు ఒక్కసారి తీసి వదిలేసిన స్కాన్లు. ఆట వల్ల అది తగ్గిందా, లేక మొదటినుంచీ తక్కువ ఉన్నవాళ్లే ఆటలో సులువుగా చిక్కుకుంటున్నారా అనేది ఒక్క ఫొటో చూసి తేల్చలేం. పైగా అది గుంపుల సగటు, నీ ఒక్కడి జాతకం కాదు. స్కాన్ తీయించుకోనా అని అడిగావు కదా, అక్కర్లేదు. ఈ సమస్యను ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడి తేలుస్తారు.

దానికి పద్ధతి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ, ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్ అని ఒకటి చేర్చారు. ఎప్పుడు మొదలుపెట్టాలో ఎప్పుడు ఆపాలో మన చేతిలో లేకపోవడం, మిగతా పనులన్నీ ఆట వెనక్కి వెళ్లిపోవడం, నష్టం కళ్లముందు కనిపిస్తున్నా ఆడుతూనే ఉండటం. ఈ మూడూ సాధారణంగా ఏడాదిపాటు కొనసాగి, చదువునో ఇంటినో బాగా దెబ్బతీస్తే ఆ పేరు పెడతారు. రోజుకు ఇన్ని గంటలు అనే లెక్క అందులో లేదు. నీ ఉత్తరంలో ఆ మూడూ కనిపించాయి. ఏడాది నిండిందా అని వేళ్లు మడిచి లెక్కపెట్టుకోకు, ఇప్పుడే మొదలుపెడదాం.

నీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది. "ఆడుతున్నంతసేపూ సంతోషంగా కూడా ఉండటం లేదు, అయినా ఆపలేకపోతున్నాను" అన్నావు. ముప్పై ఏళ్లు వ్యసనాల విభాగంలో కూర్చున్న మనిషిగా చెబుతున్నాను, అసలు కథంతా ఆ వాక్యంలోనే ఉంది. మెదడు కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే రసాయనాల్లో డోపమిన్ ఒకటి. అదంటే ఆనంద రసాయనం అని అందరూ రాసేస్తుంటారు. నాకు ఆ మాట నచ్చదు. వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులకు పండ్లరసం ఇస్తూ, వాటి మెదడులో డోపమిన్ విడుదల చేసే కణాలను గమనించాడు. మొదట్లో రసం నోట పడగానే ఆ కణాలు చురుగ్గా స్పందించేవి. రసానికి ముందు ఒక దీపం వెలుగుతుందని కోతికి అలవాటయ్యాక స్పందన దీపం దగ్గరికి జరిగిపోయింది, రసం వచ్చినప్పుడు చలనమే లేదు. దీపం వెలిగి రసం రాకపోతే మాత్రం కణాల చురుకు మామూలు కంటే కిందికి పడిపోయింది. ఆ కణాలు లెక్కగట్టేది అనుకున్నదానికీ అందినదానికీ మధ్య తేడాను.

నీ ఆటలో బహుమతి పెట్టె తెరుచుకునే ముందు గిరగిరా తిరుగుతుందే, అదే నీ దీపం. ఏ పెట్టెలో ఏముందో ముందే తెలిస్తే మూడోరోజుకే విసుగొస్తుంది. ఎప్పుడు వస్తుందో తెలియదు కనుకే చెయ్యి ఆగదు. కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1993లో ఇంకో మాట చెప్పారు: కోరడం వేరు, ఇష్టపడటం వేరు, మెదడులో వాటి దారులు వేరు. వ్యసనంలో కోరిక పెరుగుతూ పోతుంది, ఇష్టం అక్కడే ఉండిపోతుంది, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. నువ్వు రాసింది సరిగ్గా అదే, శాస్త్రం చదవకుండా రాశావు.

రెండో సంగతి ఆపుకునే శక్తి. ఒక పరీక్ష ఉంటుంది. కంప్యూటర్ తెర మీద బొమ్మలు వేగంగా వచ్చి పోతుంటాయి, ప్రతిదానికీ మీట నొక్కాలి, ఒక రకం బొమ్మ వస్తే మాత్రం నొక్కకూడదు. నీ వయసు కుర్రాడొకడు ఆ పరీక్ష చేస్తుంటే పక్కన కూర్చుని అతని వేలినే చూశాను. నొక్కకూడని బొమ్మ వచ్చింది, వేలు దిగిపోయింది, ఆ తరువాత "అయ్యో" అన్నాడు. మళ్లీ వచ్చింది, మళ్లీ అంతే. తప్పని అతనికి తెలుసు, కాకపోతే తెలిసేసరికి వేలు దిగిపోయి ఉంది. అతిగా ఆడేవారిలో ఇలాంటి పొరపాట్లు ఎక్కువని, తప్పు చేసిన క్షణంలో మెదడు ఇచ్చే విద్యుత్ సంకేతం బలహీనంగా ఉంటుందని తల మీద తీగలు అంటించి మెదడు విద్యుత్తును కొలిచే కొన్ని ఈఈజీ అధ్యయనాల్లో కనిపించింది. నిద్ర చాలని రాత్రి ఎవరికైనా ఈ అదుపు ఇంకా సడలుతుంది. పైగా ఈ అదుపు చూసుకునే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ నీ వయసులో పూర్తిగా ముదరనే లేదు, అది ఇరవైల మధ్యదాకా ఎదుగుతూనే ఉంటుంది.

అందుకే రాత్రి రెండింటికి మనోబలంతో పోరాడమని నేను చెప్పను. ఆ సమయంలో గెలిచేది నీ బొటనవేలే. "అయ్యో" అనేది వేలు దిగకముందే వచ్చేలా పగటిపూట ఏర్పాట్లు చేసుకో. ఛార్జర్ పడకగది బయట పెట్టు, నిద్ర లేపడానికి మామూలు అలారం గడియారం కొనుక్కో. ఆటలో దాచి ఉంచిన పాస్‌వర్డ్ తీసెయ్యి, ప్రతిసారీ పూర్తిగా కొట్టాల్సి రావాలి. నోటిఫికేషన్లు ఆపెయ్యి. ఆట గుర్తు మొదటి తెర మీద ఉండకూడదు. చిల్లర పనుల్లా కనిపిస్తాయి, కానీ ఒక్కోటీ కొన్ని క్షణాలు సంపాదించి పెడుతుంది, నీకు కావలసింది ఆ క్షణాలే.

మొదటి వారం చిరాకు, నిద్రలేమి, ఎవరిమీద పడితే వారిమీద కోపం వస్తాయి. రానీ. కోరిక పొంగి, కాసేపు ఉండి, దానంతటదే దిగుతుంది. పొంగినప్పుడు లేచి గది మారిపో, దానితో వాదన పెట్టుకోకు.

ఖాళీ అయిన గంటల్లో ఏం చెయ్యాలన్నది అన్నిటికంటే కష్టం. ఒకసారి నేనే తప్పు చేశాను. ఒక కుర్రాడికి "ఆట మానేసి మంచి పుస్తకాలు చదువు" అని చెప్పి పంపించాను. నెల తరువాత ఇంకా దిగజారి వచ్చాడు. ఆటలో అతనికి స్నేహితులున్నారు, గౌరవం ఉంది, రోజురోజుకూ తన నేర్పు పెరుగుతున్నట్టు అంకెల్లో కనిపిస్తుంది. వాటికి బదులు ఒంటరి గదిలో ఒక పుస్తకం చేతికిచ్చాను. నువ్వు ఎంచుకునే పనిలో పక్కన మనుషులుండాలి, ఫలితం త్వరగా కంటికి కనిపించాలి. పరుగు, వాద్యం, బృందంగా ఆడే మైదానపు ఆట, ఏదైనా సరే. నీ నేర్పును నేను తక్కువ చేయడం లేదు. వేగంగా గురిచూసి కొట్టే ఆటలు ఆడేవారికి కంటికి కనిపించేవాటిమీద ధ్యాస మెరుగవుతుందని 2003లోనే ఒక ప్రయోగం చూపించింది.

జారిపడితే తేదీ, సమయం, అంతకుముందు ఏం జరిగిందో ఒక్క వాక్యంలో రాసిపెట్టు. తిట్టుకోవడానికి కాదు, నాకు చూపించడానికి. గొడవ తరువాతా, ఒంటరిగా ఉన్నప్పుడా, పరీక్ష ముందా అన్నది పది వాక్యాలు పోగయ్యాక తెలిసిపోతుంది.

ఒకటి మాత్రం దాచకు. ఆటకంటే ముందే దిగులు మొదలైందా? చిన్నప్పటినుంచీ దేనిమీదా ధ్యాస నిలవదా? అలా అయితే ఆట మాన్పించడం ఒక్కటే చాలదు. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లు, ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ గురించి అడుగు. బతకాలనిపించకపోతే అపాయింట్‌మెంట్ కోసం చూడకు, ఆ రోజే వెళ్లాలి, ఆ గంటలోనే నాకు ఫోన్ చెయ్యాలి.

ఆట మధ్యలో ఫోను లాక్కోవద్దని మీ అమ్మకు నేను చెబుతాను. లాక్కుంటే మిగిలేది యుద్ధమే. నువ్వు మాత్రం రోజుకు ఎన్ని ఆటలో పొద్దున్నే కాగితం మీద రాసి ఆమెకివ్వు. ఓడిపోయాక "ఇంకొక్కటి" అని లెక్క మార్చకూడదు.

ఆదివారం సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి. ఎన్ని గంటలు ఆడావని అడగను. ఛార్జర్ ఎక్కడ పెట్టావో చెబితే చాలు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ