ముందు డ్రైవరు కానివ్వండి

ప్రశ్న: మేము అమెరికా వచ్చి ఇరవై నాలుగేళ్లయింది. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, ఇప్పుడు 22 ఏళ్లు. కంప్యూటర్ సైన్సు రెండో ఏడాదిలోనే మానేసి ఒక గిడ్డంగిలో పని చేస్తున్నాడు. ఒక పెద్ద ట్రక్కింగ్ కంపెనీ ఉచితంగా శిక్షణ ఇచ్చి ఉద్యోగంలోకి తీసుకుంటామని, వచ్చే నెలలో రమ్మని చెప్పింది. కంపెనీ శిక్షణ మంచిదా, మా ఖర్చుతో డ్రైవింగ్ స్కూలులో చేర్పించడం మంచిదా? ఆరు నెలలు నడిపాక లీజు మీద సొంత ట్రక్కు తీసుకుంటే వారానికి ఐదు వేల డాలర్లు వస్తాయని వీడియోల్లో చూశాం. అప్పుడు వ్యాపారం చేస్తున్నాడని చెప్పుకోవచ్చు. ఇప్పుడైతే లారీ డ్రైవరని బంధువులకు ఎలా చెప్పను? రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసి క్షేమం కనుక్కుంటే తప్ప వాడి తల్లికి మనసు కుదుటపడదు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీరు అడిగింది కంపెనీయా, స్కూలా అని. మీ నిద్ర పోగొట్టింది మాత్రం ఆ ప్రశ్న కాదు. ఇలాంటి ఉత్తరాలు ఎన్నో ఏళ్లుగా చదువుతున్నాను. వాటిలో వృత్తి పేరు మారుతుంది గాని, ‘బంధువులకు ఎలా చెప్పను’ అన్న మాట మారదు. దాని చాటున, రోడ్డు మీద బిడ్డకేమైనా అయితే అన్న భయం ఉంటుంది. ఈ రెండో భయం తండ్రిది, దానికి చేతులెత్తి మొక్కుతాను. ముందు దాని సంగతే చెబుతాను. మొదటి దాని గురించి తర్వాత కాస్త కటువుగానే మాట్లాడతాను, ఓర్చుకోండి.

ఎవరి పక్కనో కూర్చుని నాలుగు రోజులు చూసి నేర్చుకునే కాలం పోయింది. 2022 ఫిబ్రవరి 7 నుంచి, కొత్తగా కమర్షియల్ లైసెన్సు (అందరూ సీడీఎల్ అనేది) కావాలనుకునేవారు ఫెడరల్ రిజిస్ట్రీలో నమోదైన శిక్షకుల దగ్గరే పాఠాలు, మైదానంలో సాధన, రోడ్డు మీద సాధన పూర్తి చేయాలి. అలా పూర్తయినట్టు ఆ శిక్షకులు నమోదు చేశాకే డ్రైవింగ్ పరీక్షకు అనుమతి. కంపెనీకైనా, కమ్యూనిటీ కాలేజీకైనా నిబంధన ఒకటే. అయితే కనీసం ఇన్ని గంటలు స్టీరింగ్ పట్టించాలన్న లెక్క ఆ ఫెడరల్ నిబంధనలో లేదు. విద్యార్థికి పని వచ్చిందని శిక్షకుడు తేల్చాలి, అంతే. మంచి చోటుకూ నాసి చోటుకూ తేడా అంతా ఈ సందులోనే ఉంది. ఒక ట్రక్కుకు ఎంతమంది విద్యార్థులని, స్టీరింగ్ వెనక తాను ఎన్ని గంటలు కూర్చుంటాడని మీ అబ్బాయి ఫోన్ చేసి అడగాలి. సూటిగా జవాబు చెప్పని చోటికి వెళ్లవద్దు.

కంపెనీ శిక్షణలో మొదటి మూడు నాలుగు రోజులు చాలామందికి నిరుత్సాహంగా ఉంటాయి. హోటలులో ముక్కూముఖం తెలియని మనిషితో ఒకే గది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాగితాలు, వీడియోలు, వైద్య పరీక్ష, మత్తుమందుల పరీక్ష. ట్రక్కు ముఖం కూడా కనబడకపోవచ్చు. ఈ రోజుల్లోనే కొందరిని వెనక్కి పంపేస్తారు. రక్తపోటు మరీ ఎక్కువగా ఉండకూడదు, ప్రతి కంటికీ చూపు, అద్దాలతోనైనా సరే, సాధారణంగా 20/40 ఉండాలి. దరఖాస్తులో దాచిన పాత ట్రాఫిక్ కేసు బయటపడినా ఇంటికే. ఇంకొక్క మాట, మొహమాటపడకుండా అబ్బాయిని అడగండి. మీ రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమే కావచ్చు, ఫెడరల్ నిబంధన మాత్రం ఒప్పుకోదు. కొన్ని కంపెనీలు తల వెంట్రుకలు కూడా పరీక్షిస్తాయి, నెలల కిందటి వాడకం అందులో తేలుతుంది. ఫెడరల్ నిబంధన ప్రకారం చేసే పరీక్షలో దొరికితే ఆ వివరం 2020లో మొదలైన ఫెడరల్ డేటాబేసులోకి చేరుతుంది, తర్వాత ఏ కంపెనీకి వెళ్లినా వాళ్లకు కనబడుతుంది. 2024 నవంబరు నుంచైతే, నిర్ణీత ప్రక్రియ పూర్తిచేసేదాకా లైసెన్సునే రాష్ట్రం వెనక్కి తీసుకుంటోంది.

ఆ తర్వాత యార్డు, అంటే సాధన మైదానం. అసలు చదువు అక్కడే. 53 అడుగుల ట్రైలరును వెనక్కి తీసేటప్పుడు దాని తోక ఎడమకు పోవాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలి. ఇరవై రెండేళ్లుగా సైకిలు మీద, కారులో చేతులు నేర్చుకున్నదంతా తలకిందులవుతుంది. మూడు రోజుల పాటు తనకు తాను మొద్దులా కనిపిస్తాడు. నాలుగో రోజో, పదో రోజో ఒక్కసారిగా పట్టు దొరుకుతుంది. వెనక్కి తీసేటప్పుడు అనుమానం వస్తే దిగి చూడు, మళ్లీ ఎక్కు, మళ్లీ దిగు అని శిక్షకులు విసిగిపోయేదాకా చెబుతారు. కొత్తవాళ్లు చేసే తప్పులు ఎక్కువగా హైవే మీద జరగవు, నెమ్మదిగా వెనక్కి తీస్తూ ఏ స్తంభానికో, పక్క ట్రక్కు అద్దానికో తగిలించడంతోనే జరుగుతాయి.

బయలుదేరే ముందు చేసే తనిఖీని కంఠస్థం చేయిస్తారు. ఇంజను ఆపి, బ్రేకు తొక్కిపట్టి నిమిషం చూస్తే బ్రేకుల గాలి ఒత్తిడి 4 పీఎస్‌ఐకి (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) మించి పడిపోకూడదు. ఒత్తిడి 55కు దిగేలోపే హెచ్చరిక మోగాలి. మీ భయానికి మందు కూడా ఈ బ్రేకుల పాఠంలోనే ఉంది. గాలి పోతే బ్రేకులు వదిలేస్తాయేమోనని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి గాలే లోపలి స్ప్రింగులను నొక్కి పట్టి ఉంచుతుంది, అది పోతే స్ప్రింగులు తెరుచుకుని బ్రేకులను బిగించేస్తాయి. మిగతా భద్రత అంతా డ్రైవరు ఓపికలోనే ఉంది. 80,000 పౌండ్ల బండి 65 మైళ్ల వేగం నుంచి ఆగడానికి 500 అడుగులకు పైనే కావాలి. ఆరెగన్‌లో ఐ-84 హైవే మీద కాబేజ్ హిల్ లాంటి ఘాట్ దిగాలంటే వేగం తగ్గించి గేరు మార్చడం కొండ అంచున జరగాలి. దిగడం మొదలుపెట్టాక బ్రేకులనే నమ్ముకుంటే అవి వేడెక్కి పట్టు వదులుతాయి. ఇవన్నీ తెలిసిన పిల్లవాడు, ఏమీ తెలియకుండా అదే రోడ్డు మీద కారు నడిపే మనబోటి వాళ్లకంటే జాగ్రత్తగా ఉంటాడు.

లైసెన్సు వచ్చాక ట్రైనర్‌తో, అంటే పని నేర్పే కంపెనీ డ్రైవరుతో, రోడ్డు మీద గడిపే వారాలు. కంపెనీని బట్టి నాలుగు, ఆరు, ఎనిమిది కూడా ఉండవచ్చు. రాత్రీ పగలూ ఒకే కేబిన్, పై పడక విద్యార్థికి. మైళ్ల లెక్కన జీతం ఉండదు, వారానికింతని కొంత ఇస్తారు. మానేసేవాళ్లలో ఎక్కువమంది ఈ దశలోనే మానేస్తారని నా అనుభవం. పని కష్టమై కాదు, పరాయి మనిషితో అంత ఇరుకులో ఇమడలేక. ఓపికగా నేర్పే ట్రైనర్ దొరికితే అదృష్టం. అరిచేవాడు, పొగతాగేవాడు, విద్యార్థి నడుపుతుంటే తాను నిద్రపోయేవాడు దొరికితే? లైసెన్సు రాకముందు, పర్మిట్ మీద ఉన్నప్పుడు, సీడీఎల్ ఉన్న మనిషి ముందు సీటులో పక్కనే ఉండి తీరాలన్నది చట్టం. లైసెన్సు వచ్చిన మర్నాటి నుంచి అతను పడుకోవచ్చు. అందుకే, మొదటి వారాల్లో ట్రైనర్ మెలకువగా పక్కన ఉంటాడా, లేక ఇద్దరూ వంతులవారీగా బండిని ఆగకుండా పరుగెత్తిస్తారా అని ముందే తేల్చుకోవాలి. ట్రైనర్‌ను మార్చమని అడగడం తప్పు కాదని మీ అబ్బాయికి మీరే చెప్పి పంపండి. మన పిల్లలు పెద్దవాళ్ల ముందు నోరు విప్పకూడదని పెరిగినవాళ్లు, అక్కడ ఆ మర్యాద పనికిరాదు.

పని గంటలకు హద్దు ఉంది. పది గంటల విరామం తర్వాత మొదలైన పద్నాలుగు గంటల లోపల పదకొండు గంటలే నడపాలి, ఎనిమిది గంటలు నడిపాక అరగంట ఆగాలి. 2017 డిసెంబరు నుంచి దూరప్రయాణాల ట్రక్కుల్లో చాలావాటిలో ఈ లెక్క ఎలక్ట్రానిక్ పరికరమే రాస్తోంది. సరుకులు, వేళలు పురమాయించే డిస్పాచర్ తొందరపెట్టినా, అలసిపోయాను, ఆపుతున్నాను అనే హక్కు డ్రైవరుకు ఉంది.

ఇక మీరడిగిన పోలిక. కంపెనీ శిక్షణ ఉచితం కాదు, వాయిదా వేసిన రుసుము. చాలా ఒప్పందాల్లో ఏడాది పాటు పనిచేయాలని, మధ్యలో వదిలితే కొన్ని వేల డాలర్లు కట్టాలని ఉంటుంది. పని చేసిన నెలలకు తగ్గట్టు ఆ బాకీ తగ్గుతుందా? వాళ్లే తీసేస్తే కూడా కట్టాలా? ఈ రెండూ కాగితంలో చూడకుండా సంతకం పెట్టవద్దు. సొంత ఖర్చుతో స్కూలులో నేర్చుకుంటే ఆ కట్టుబాటు లేదు, లైసెన్సు చేతికి వచ్చాక కంపెనీని ఎంచుకోవచ్చు. చేతి డబ్బు పెట్టే ముందు దగ్గరలోని అమెరికన్ జాబ్ సెంటరుకు వెళ్లి శిక్షణకు ప్రభుత్వ సాయం ఉందేమో అడగండి, సీడీఎల్ కోర్సులకు చాలాచోట్ల ఇస్తారు. పరీక్ష ఆటోమేటిక్ గేర్ల బండి మీద ఇస్తే మాన్యువల్ బండి నడపకూడదన్న షరతు లైసెన్సు మీద పడుతుందని కూడా గుర్తుంచుకోండి. రెండు దారుల్లోనూ మంచి డ్రైవర్లు తయారయ్యారు. ఒప్పందం సరిగా ఉంటే మీ అబ్బాయికి కంపెనీ దారే చాలు.

నాకు గుబులు పుట్టించింది మీ ఉత్తరంలోని ఐదు వేల డాలర్ల వాక్యం. వీడియోలో చూపించే ఐదు వేలు ట్రక్కు సంపాదన, మనిషిది కాదు. లీజు వాయిదా, డీజిలు, బీమా, టైర్లు, మరమ్మతుల నిధి అందులోంచే పోవాలి. బండి షెడ్డులో పడి ఉన్న వారం కూడా వాయిదా ఆగదు. ఆ వారం చేతికి ఏమీ రాకపోగా కంపెనీకే బాకీ పడతాడు. ట్రక్కు కంపెనీదే, సరుకు ఇచ్చేదీ కంపెనీయే, వాయిదా కోసుకునేదీ కంపెనీయే అయినప్పుడు దాన్ని సొంత వ్యాపారం అనడానికి నాకు నోరు రాదు. మధ్యలో మానేస్తే ఇన్నాళ్లు కట్టింది పోతుంది, బండీ పోతుంది. ఇది నా ఒక్కడి అనుమానం కాదు. అమెరికా ప్రభుత్వం వేసిన ట్రక్ లీజింగ్ టాస్క్ ఫోర్స్ 2025 జనవరిలో ఇలాంటి లీజు-కొనుగోలు పథకాలను నిషేధించాలనే సిఫారసు చేసింది. బాగుపడినవాళ్లు లేరని అనను. వాళ్లు ఏళ్ల తరబడి జీతానికి నడిపి, ఏ సరుకుకు ఎంత గిట్టుతుందో, ఏ చప్పుడు ఎంత ఖర్చు తెస్తుందో నేర్చుకున్నాక దిగినవాళ్లు. ఆరు నెలల అనుభవంతో దిగేవాడికి కంపెనీ లెక్కల కాగితం చదవడం కూడా రాదు.

ఇప్పుడు ఆ కటువు మాట. లీజు ఆలోచన మీ అబ్బాయిది కంటే మీది ఎక్కువనిపిస్తోంది. ‘డ్రైవరు’ అన్న మాట మీ నోట రాక, ‘వ్యాపారం’ అన్న మాట కోసం ఇరవై రెండేళ్ల పిల్లవాడి నెత్తిన అప్పు పెట్టడానికి సిద్ధపడుతున్నారు. పరువు మీది, వాయిదాలు వాడివి. ఇది అన్యాయం. వాడు ఇష్టం లేని చదువును రెండో ఏడాది దాకా మోశాడు, అది కూడా ఎవరి కోసమో నేను అడగను. 2024 మేలో ఈ దేశంలో భారీ ట్రక్కు డ్రైవర్ల మధ్యస్థ వార్షిక వేతనం 57,440 డాలర్లని కార్మిక శాఖ లెక్క. మొదటి ఏడాది అంత రాకపోవచ్చు. మైళ్ల లెక్కన జీతం కాబట్టి సరుకు ఎక్కించి దించే చోట పడిగాపులు పడే గంటలకు చాలాచోట్ల పైసా రాదు, ఫెడరల్ ఓవర్‌టైమ్ నిబంధన రాష్ట్రాల మధ్య తిరిగే డ్రైవర్లకు వర్తించదు. అయినా ప్రమాదం లేని ఒక్క ఏడాది రికార్డు ఉంటే, మొదట ముఖం తిప్పుకున్న కంపెనీలే పిలుస్తాయి. రాత్రికి ఇంటికి చేరే స్థానిక పనులు కూడా అప్పుడే దొరుకుతాయి. బంధువులు అడిగితే ట్రక్కు డ్రైవరని చెప్పండి. ఒకసారి చెబితే నోటికి అలవాటవుతుంది.

అమ్మగారికి కూడా ఒక మాట. నడుపుతూ ఫోను చేతితో పట్టుకుంటే డ్రైవరుకు 2,750 డాలర్ల దాకా జరిమానా, అది రికార్డులోకి కూడా ఎక్కుతుంది. రోజుకు నాలుగు ఫోన్లు వద్దు. ఆ పది గంటల విరామంలో తనే చేస్తాడు, ఏ వేళకైనా ఎత్తండి.

వెళ్లే ముందు పాస్‌పోర్టు లేదా జనన పత్రం, సోషల్ సెక్యూరిటీ కార్డు, అసలువే, సంచిలో పెట్టించండి. గత మూడేళ్ల ఉద్యోగాల తేదీలు ఒక కాగితం మీద రాయించండి. రమ్మన్నప్పుడు టికెట్టు కంపెనీ కొన్నా, కుదరక తిరిగి వచ్చేవాడికి కొనకపోవచ్చు. తిరుగు ప్రయాణానికి సరిపడా డబ్బు వాడి ఖాతాలో వేసి, అది ఎందుకో వాడికి చెప్పండి. ట్రక్కు మెట్లు మంచులో, వానలో జారతాయి కాబట్టి చీలమండను పట్టి ఉంచే, అడుగు జారని బూట్లు కావాలి. వాటిని ఆన్‌లైన్‌లో తెప్పించకుండా, ఈ శనివారం మీరే వాణ్ని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లి, తొడిగించి, నడిపించి చూసి కొనండి.