ఆయుష్షు లెక్కపెట్టే ముందు లోపల ఎవరున్నారో చూడు

చి. అమ్మడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

పండ్ల ఈగల్లో వృద్ధాప్యం మీద, అందులోనూ వోల్బాకియా బ్యాక్టీరియా మీద పీహెచ్‌డీలో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "అదేం సబ్జెక్టే, ఉద్యోగం వస్తుందా?" అని నన్నడిగింది. దానికి నాకేం చెప్పాలో తోచలేదు గానీ, ఈ పనిలోనే జుట్టు నెరిసినదాన్ని కాబట్టి పని గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఏ జీవి ఆయుష్షు పెరిగినా తగ్గినా, ఫలానా జన్యువు వల్లే అనేముందు లోపల ఏ బ్యాక్టీరియా కాపురముందో చూడు. 1997లో అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయంలో మిన్, సీమోర్ బెంజర్ రాసిన పేపరు చదివే చేరు. వాళ్లు వెతికింది మెదడు దెబ్బతినే మ్యూటెంట్ (జన్యువు మారిన) ఈగల కోసం. ఒక రకం ఈగలు తొందరగా చచ్చిపోతున్నాయి. తీరా చూస్తే తప్పు ఈగ జన్యువుది కాదు. తల్లి గుడ్డు నుంచి పిల్లలకు సంక్రమించే వోల్బాకియా, మెదడు కణాల్లో అదుపు లేకుండా పెరిగిపోతోంది. ఆ వోల్బాకియా రకానికి పాప్‌కార్న్ అని పేరు పెట్టారు. దీనికి ఎదురు కథ కూడా ఉంది. ఇండీ అనే జన్యువు మారితే ఈగ ఎక్కువ కాలం బతుకుతుందని పేరొచ్చింది. 2007లో లిండా పార్ట్రిడ్జ్ బృందం పోల్చే ఈగల మిగతా జన్యువులన్నీ ఒకేలా ఉండేట్టు వంశాన్ని సరిచేసి, వోల్బాకియాను చంపే టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పెట్టి మళ్లీ కొలిస్తే ఆ లాభం కనబడలేదు.

నువ్వూ టెట్రాసైక్లిన్ వాడతావు. మందు పెట్టిన తరం మీదే కొలతలు మొదలుపెట్టకు. అది కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాను కూడా దెబ్బతీస్తుంది, పేగుల్లోని మిగతా బ్యాక్టీరియానూ ఊడ్చేస్తుంది. రెండు మూడు తరాలు ఆగి, పేగు బ్యాక్టీరియాను తిరిగి అంటించి, వోల్బాకియా పోయిందని పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్షలో చూసుకుని అప్పుడు లెక్క మొదలుపెట్టు. గైడ్ తొందరపెడితే, ఇంకా తరాలు గడవలేదండీ అని మర్యాదగానే చెప్పు.

నేను సి. ఎలిగాన్స్ పురుగుల దాన్ని. మిల్లీమీటరు పొడవుండే ఆ పురుగుకు ఈ. కోలై అనే బ్యాక్టీరియా తిండి. ప్లాటినం తీగతో మెల్లిగా తాకితే తల కూడా కదపకపోతే చచ్చినట్టు లెక్క. ప్లేటు గోడెక్కి ఎండిపోయినవి, కడుపులోనే పిల్లలు పొదిగి చచ్చినవి వేరే కాలమ్‌లోకి పోతాయి. ముసలి పురుగును సూక్ష్మదర్శినిలో చూస్తే గొంతు, పేగు నిండా బ్యాక్టీరియా కిక్కిరిసి ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు తిండి అయినదే, వయసు మళ్లాక ప్రాణం మీదికొస్తుంది. చంపిన బ్యాక్టీరియా పెడితే పురుగులు ఎక్కువ రోజులు బతకడం అందుకే. కాబట్టి ఏ మందు పరీక్షించినా బతికున్న బ్యాక్టీరియాతో ఒకసారి, చచ్చినదానితో ఒకసారి చేసి తీరాలి. 2013లో లండన్‌లో కాబ్రేరో, డేవిడ్ జెమ్స్ చేసిన పని చూడు. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ పురుగు ఆయుష్షును పెంచింది, కానీ ఈ. కోలైలో ఫోలేట్ అనే విటమిన్ తయారీని మార్చడం ద్వారా. బ్యాక్టీరియాను తీసేస్తే ఆయుష్షు పెరగకపోగా తగ్గింది. (ఇది మీ మామయ్యకు చెప్పకు, షుగర్ మాత్రలు మానేస్తాడు.)

చుట్టాలందరూ నిన్ను "ముసలితనం రాకుండా మందెప్పుడు?" అనే అడుగుతారు. నవ్వి ఊరుకో. నాకైతే ఈ రంగం నిజంగా పనికొచ్చింది దోమల దగ్గర. డెంగ్యూ రోగిని కుట్టిన దోమ వెంటనే ఇంకొకరికి అంటించలేదు. వైరస్ దాని ఒంట్లో వారం పైనే ఎదగాలి, అంటే ముసలి దోమలే ప్రమాదం. అందుకని 2009లో పాప్‌కార్న్ రకాన్ని డెంగ్యూ తెచ్చే ఏడిస్ దోమలోకి ఎక్కించి దాని ఆయుష్షు సగానికి తగ్గించారు. ఆ వోల్బాకియా వైరస్‌ను కూడా అడ్డుకుంటుందని అదే ఏడాది తేలింది. కానీ పాప్‌కార్న్ దోమను మరీ నీరసపరిచి ఊళ్లలో నిలవలేదు. నెమ్మదైన వేరే రకం నిలిచింది. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో దాన్ని వదిలిన పేటల్లో డెంగ్యూ 77 శాతం తగ్గిందని 2021లో ప్రచురించారు. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు తెచ్చే పురుగులోనూ వోల్బాకియా ఉంది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో ఆ బ్యాక్టీరియాను చంపితే ఆ పురుగు గొడ్డుబోతుంది, మెల్లగా చస్తుంది. మీ అమ్మ అడిగిన ఉద్యోగం ఇలాంటి చోట దొరకొచ్చు.

ఇక రోజువారీ సంగతులు. ఎలుకల మీద పని ఇస్తామంటే ఆలోచించు. ఎలుక రెండు మూడేళ్లు బతుకుతుంది, నీ ఫెలోషిప్ ఐదేళ్లు. ఒక ప్రయోగం పాడైతే రెండోదానికి టైముండదు. ఈగలైతే రెండు మూడు నెలలే. కాకపోతే పురుగుల్లా వాటిని ఫ్రీజర్‌లో తేలిగ్గా దాచలేం, కాబట్టి ప్రతి స్టాకునూ రెండు వేర్వేరు ఇంక్యుబేటర్లలో ఉంచు. సీసాల మీద కోడ్ ఇంకొకరి చేత వేయించు. ఏది మ్యూటెంటో తెలిస్తే, సగం చచ్చిన ఈగ కూడా కాలు కదిపినట్టే కనిపిస్తుంది! సంక్రాంతికి ఊరెళ్లాలంటే ల్యాబులో పండగ లేని స్నేహితుణ్ని ఇప్పుడే చూసుకో, అతని పండక్కి నువ్వు లెక్కపెట్టాలి.

ఏ రోజుకు ఎన్ని ఈగలు మిగిలాయో చూపే మొదటి సర్వైవల్ కర్వ్ గీశాక నాకు పంపు. సీసా మార్చేటప్పుడు ఎన్ని ఎగిరిపోయాయో కూడా రాయి. ఎగిరిపోలేదని మాత్రం చెప్పకు, నేను నమ్మను.

ఇట్లు,
మీ పెద్దమ్మ